పన్నెండో మైలు సందు గుర్తులు

డిసెంబరు 2, కట్ట పుట్టిన 71వ ఏడు

ముద్ర కెమెరా ఈ ఉదయం పడవలో వచ్చింది. దానితో పాటు ఈ పుస్తకమూ వచ్చింది. కెమెరా ఎవరి పేరున ఇస్తారో వాళ్ళు జరిగింది ఎప్పటికప్పుడు తమ చేత్తో ఇందులో రాయాలట. ఫోటోలతో పాటు ఇది కూడా సాక్ష్యంగా చెల్లుతుందట. 'అనవసర విషయాలు రాయరాదు' అని మొదటి పేజీలోనే అచ్చు వేశారు. ఏది అనవసరమో చెప్పలేదు కాబట్టి నాకు అవసరమనిపించిందల్లా రాస్తాను.

నా పేరు ఓలేటి మాణిక్యం. పన్నెండో మైలు కట్ట బడిలో చరిత్ర చెబుతాను, ఫోటోలు తీయడం నేర్పుతాను. యాభై రెండేళ్ళు. నాకు కోపం ఎక్కువని పిల్లలు అంటారు. అబద్ధమేమీ కాదు.

కెమెరాలో ఇరవై నాలుగు గాజు పలకలున్నాయి. ఒక్కో పలకకి ఒక్క ఫోటో. తీసింది ఎలా వచ్చిందో మనకు కనిపించదు. పలకల్ని సీలుతోనే మ్యూజియానికి చేర్చాలి, అక్కడ సాక్షుల ఎదుట కడిగి బొమ్మ తేలుస్తారు. ఇంత తతంగం ఎందుకంటే, మా తాతల కాలంలో యంత్రాలు పుట్టని మనుషుల్నీ జరగని పెళ్ళిళ్ళనీ ఫోటోలుగా అల్లి జనం మీదికి వదిలాయి. అప్పటి నుంచి ముద్ర కెమెరాతో తీసింది తప్ప ఇంకే బొమ్మనీ చట్టం నమ్మదు. కట్ట కట్టేటప్పటి ఫోటోలు మా ఇళ్ళలో చాలా ఉన్నాయి. ఒక్కటీ చెల్లదు.

మ్యూజియం డైరెక్టరు నిష్ఠల భార్గవి గారి ఉత్తరం కూడా కెమెరా పెట్టెలోనే ఉంది. ఈ నెల 28న తెరిచే కొత్త హాలులో మా బడి పిల్లల ఫోటోలకి ఒక గోడ ఇస్తున్నారట. అంతవరకు సంతోషమే. హాలు గుమ్మం పక్కన పెట్టబోయే బోర్డు నకలు జతచేశారు. అభ్యంతరాలుంటే ఆధారాలతో 20వ తేదీలోగా తెలపాలని కింద రాశారు. బోర్డు మీది వాక్యం ఇది: 'పన్నెండో మైలు సముద్రపు కట్టను స్వయంచాలిత యంత్రాలు నిర్మించాయి.'

చదివి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ చదివాను. మా నాన్నమ్మకు ఈ కట్ట పనిలో కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. ఆ వేళ్ళు లేని చేత్తోనే నాకు అన్నం కలిపి పెట్టేది.

డిసెంబరు 3

పొద్దున్నే సందులు చూసి బడికి వెళ్ళాను. ఈ పుస్తకం చదివేవాళ్ళు కట్ట ఎరగనివాళ్ళయితే వాళ్ళ కోసం చెబుతున్నాను. కట్టకు తూర్పున సముద్రం, పడమర మా ఇళ్ళు. సముద్రం మా ఇంటి కప్పుల కన్నా ఎత్తులో ఉంటుంది. కట్ట పెద్ద పెద్ద బండలతో లేచింది. బండకీ బండకీ మధ్య ఉన్న సందుల్ని ఇంటికి ఇన్నని పంచుకున్నాం. రోజూ నిద్ర లేవగానే ముఖం కూడా కడక్కుండా మా వంతు సందుల్ని చేతికర్రతో తట్టి చెవి పెట్టి వింటాం. పొడిగా ఉంటే గట్టిగా మోగుతుంది, లోపల నీరు చేరితే గొంతు పూడినట్టు వినిపిస్తుంది. మా ఇంటివి పద్నాలుగు. ఈరోజు అన్నీ పొడి.

తొమ్మిదో తరగతిలో ఏడుగురు పిల్లలున్నారు. కెమెరా పనికి ముగ్గుర్ని ఎంచాను. లోవకుమారి మాట్లాడదు, చూస్తుంది. కెమెరా దానికిచ్చాను. మెహరున్నీసా కొలతలు, లెక్కలు తప్పకుండా రాస్తుంది. అబ్బులు ఊరికే ఉండలేడు కాబట్టి వాడికి మోత పని. బోర్డు నకలు చదివి వినిపిస్తే తరగతి మొత్తం గుర్రుమంది.

"మరి యంత్రాలే కట్టినియ్యా మేడమ్?" అన్నాడు అబ్బులు.

పోలమ్మ మామ్మని అడుగుదామని అందర్నీ వాళ్ళ ఇంటికి తీసుకెళ్ళాను. గరికిన పోలమ్మకి తొంభై ఒకటి. కట్ట పని చేసినవాళ్ళలో మిగిలింది ఆమె ఒక్కతే. వాకిట్లో ఎండు చేపలు తిరగేస్తూ బోర్డు మాట విన్నది.

"యంత్రాలు కట్టేయంటనా? బండలు దింపేయి, అంతే. బండకీ బండకీ మజ్జిన బెత్తెడు సందొదిలేసేవి. ఆటి సెయ్యి అందులో దూరేది కాదు. మాది దూరేది. గుల్లసున్నం, కొబ్బరి పీసు, కరక్కాయ నీళ్ళు కలిపి దట్టించేవోళ్ళం. నూట ఇరవై మంది ఆడోళ్ళం."

"ఆ గుర్తులు మీరు పెట్టినవేనా మామ్మా?" అంది మెహర్.

"మెత్తిన మడిసి గుర్తెట్టి తీరాల. పచ్చి ఆరకముందే గుల్లసిప్పతో గీసేవోళ్ళం. ఆ సందు కారితే ఆ గుర్తుదాన్ని పిలుత్తారు. పురుడో పెళ్ళో, ఏదున్నా ఒదిలేసి రావాల."

"పేరే రాయొచ్చుగా?" అన్నాడు అబ్బులు.

"రాతొచ్చినోళ్ళు మాలో ఎవర్రా?"

కట్ట లోపలి ముఖం మీద ఆ గుర్తుల్ని పుట్టినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాం. గరిటె, దువ్వెన, గాలం, మూడు చుక్కలు, చేపతోక. వేలెడంత లోతు కూడా ఉండవు. కర్ర తట్టేటప్పుడు 'గరిటె సందు', 'తోక సందు' అనుకుంటాం. అది ఒక మనిషి సంతకమని ఏనాడైనా ఆలోచించామా అంటే, నేనైతే ఆలోచించలేదు. చరిత్ర పాఠాలు చెప్పే మనిషిని, సిగ్గుగా ఉంది. ఇంతకీ మాకు కావలసిన ఆధారం ఎక్కడో లేదు. గుర్తులు ముద్ర ఫోటోల్లో కనిపించాలి, ఎవరి గుర్తు ఏదో పోలమ్మ మామ్మ చెప్పాలి. రెండూ కలిస్తే బోర్డు మారుతుంది.

డిసెంబరు 6

మూడు రోజుల్లో పదమూడు పలకలు వాడాం. అన్నీ మనుషులవే. వాననీటి తొట్ల మీద కాపలా ఉండే అప్పారావు, ఆటుపోట్ల గంట కొట్టే ఎస్తేరు, కప్పు మీద తోటకూర పెంచే జానకమ్మ గారి కుటుంబం, చేతికర్రలు చెక్కే ఉమామహేశ్వరుడు. కెమెరా వస్తోందంటే చాలు, జనం పెట్టెల అడుగునున్న బట్టలు తీస్తున్నారు. అప్పారావు తొట్టి పక్కన పట్టుపంచెలో నిలబడ్డాడు. పని బట్టల్లో తీద్దామంటే వాళ్ళావిడ ఒప్పుకోలేదు.

"మా ఆయన్ని జనం సూత్తారండి రేపు. మాసిన లుంగీతో సూడాలాండి?"

ఒప్పుకున్నాను. నిజానికి నేనూ నా చీర ఇస్త్రీ చేసుకునే వెళ్ళాను, ఫోటోలో నేనుండనని తెలిసి కూడా.

పిల్లలకి నేను మొదటి రోజు నుంచీ చెప్పే నియమం ఒకటుంది. ఫోటోకి ఉదయపు నీడ మంచిది, సాయంత్రపు ఎండ మంచిది, మిట్టమధ్యాహ్నం కెమెరా బయటికి తీసినవాళ్ళని తరగతిలోంచి పంపేస్తాను. ముఖాలు మాడిపోతాయి. ఇరవై ఆరేళ్ళుగా చెబుతున్నాను, ఎవరూ ఎదురు చెప్పలేదు.

డిసెంబరు 8

గుర్తుల ఫోటోలు 10వ తేదీ ఉదయానికి పెట్టుకున్నాను. డెబ్బై ఏళ్ళు ఉన్నవి రెండు రోజుల్లో ఎక్కడికి పోతాయి, మనుషుల్ని తీయడంలో పిల్లల చేయి కుదురుకున్నాక నిదానంగా తీయొచ్చు అనుకున్నాను. కట్ట పెద్ద వనమాడి బుజ్జియ్యకి కబురు కూడా చెప్పాను. ఎల్లుండి పొద్దున కట్ట గోడ ఫోటో తీస్తున్నామని, మ్యూజియంలో పెడతారని.

"ఆయ్, తమరేం కంగారు పడకండి మేడంగారండి. అంతా మేం సూసుకుంటాం కదండీ" అన్నాడు.

ఏం చూసుకుంటాడో అడగలేదు.

డిసెంబరు 10

ఈ పూటకి మా సందులు తట్టే పని పక్కింటికి అప్పగించి, ఉదయం ఏడింటికి కెమెరా, స్టాండు, పిల్లలతో కట్ట దగ్గరకు వెళ్ళాను. గోడ తెల్లగా ఉంది. ఉత్తరపు మలుపు నుంచి దక్షిణపు తూము దాకా ఎక్కడా మరక లేదు. నిన్నంతా ఇంటింటి నుంచీ మనుషులొచ్చి, ముసలివాళ్ళతో సహా, కప్పుల మీద నిలవున్న గుల్లసున్నం మొత్తం తెచ్చి కట్టకి కొట్టేశారు. బడిలో పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చున్న నాకు తెలియలేదు.

బుజ్జియ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని వెనక ఊరు ఊరంతా నిలబడి ఉంది. చేతులకి సున్నం, కళ్ళ నిండా మెరుపు.

"ఎలాగుందండీ? ఫోటోలో మన గోడ మురిగ్గా అవుపిత్తే ఆళ్ళేవనుకుంటారండి. అందుకనేసి ముందే సేసేసేం."

గోడ దగ్గరికి వెళ్ళి గుర్తులు వెతికాను. గరిటె లేదు, దువ్వెన లేదు. సున్నం గాట్లలోకి దిగి అన్నీ ఒకే తెలుపులో కలిసిపోయాయి. నేను అరిచేదాన్నే. లోవ నా చెయ్యి పట్టుకుంది. తరగతిలో పేరు పిలిచినా తల మాత్రమే ఊపే పిల్ల, ఊరందరి ముందూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను "చాలా బాగుందయ్యా" అన్నాను. బుజ్జియ్య నెత్తిన పాలు పోసినట్టయింది. ఫోటో రేపు తీస్తామని చెప్పి వచ్చేశాను.

తప్పు వాళ్ళది కాదు. వాళ్ళకున్న మంచిదాన్ని వాళ్ళు తెచ్చి పూశారు. తప్పు నాది. ముందు తీయాల్సినవి చివరకు పెట్టుకున్నాను, పైగా ముహూర్తం చెప్పి మరీ.

డిసెంబరు 11

సున్నం పచ్చిగానే ఉంది కదా, కడిగేద్దామనుకున్నాను. పిల్లల్ని ముట్టుకోవద్దని, తడి కొబ్బరి పీచుతో నేనే 31వ సందు రుద్దాను. సున్నం వచ్చింది. దానితో పాటు డెబ్బై ఏళ్ళ నాటి మెత్తు కూడా పైపొర ఊడి చేతిలోకి వచ్చింది. గాలం గుర్తు ఉన్నచోట చదునుగా తడి మచ్చ మిగిలింది.

పోలమ్మ మామ్మని కర్ర పట్టించుకుని తీసుకొచ్చాడు అబ్బులు. ఆమె ఆ మచ్చని వేళ్ళతో తడిమింది.

"పేర్లోళ్ళ రాములమ్మ సందిది" అంది. "గాలం గుర్తు దానిదే. సుట్టుపక్కల ఎవరి సెయ్యీ అంత సన్నగా ఉండేది కాదు. ఇంక ముట్టకు మాణిక్యం."

ఈ పుస్తకం కూడా సాక్ష్యమే అన్నారు కాబట్టి రాస్తున్నాను. 31వ సందులో గాలం గుర్తు ఉండేది. దాన్ని నేను నా కళ్ళతో యాభై ఏళ్ళు చూశాను. అది నా చేత్తో పోయింది.

బుజ్జియ్యకి సంగతి తెలిసిపోయింది. సాయంత్రం బడి అరుగు మీద కూలబడ్డాడు. ఏదో ఒకటి తిడితే బాగుండునన్నట్టు నా మొహం చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరికీ కాఫీ పెట్టాను. తాగి వెళ్ళాడు.

డిసెంబరు 12

ఈరోజు తరగతి చెప్పలేదు. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక లోవ కనిపించలేదు. వెతికితే 40వ సందు దగ్గర, గోడకి ఎదురుగా, క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని తినకుండా కూర్చుని ఉంది.

"ఎండలో ఏం పని నీకు?" అన్నాను.

"మేడమ్, ఇటొచ్చి కూకోండి."

"లే ముందు."

"ఒక్కపాలి కూకోండి మేడమ్."

కూర్చున్నాను. పన్నెండు దాటి పది నిమిషాలయింది. కట్ట లోపలి ముఖం ఉదయమంతా నీడలో ఉంటుంది. సాయంత్రం ఎండ తిన్నగా పడుతుంది. మిట్టమధ్యాహ్నం దాటిన ఆ కాసేపు మాత్రం ఎండ గోడ మీద పడదు, గోడని రాసుకుంటూ పోతుంది. డిసెంబరు పొద్దు దక్షిణంగా ఉంటుంది కాబట్టి ఏటవాలుగా, గోడ పొడుగునా. తెల్లటి సున్నం మీద సన్నటి నల్ల గీత ఒకటి లేచింది. తర్వాత ఇంకోటి. చూస్తుండగా దువ్వెన పళ్ళు ఒక్కొక్కటీ నీడలై తేలాయి. దాని పక్క సందులో చేపతోక. పైన మూడు చుక్కలు. సున్నం వేయకముందు కూడా నేను వాటిని అంత స్పష్టంగా చూడలేదు.

పన్నెండున్నరకి అన్నీ మళ్ళీ మాయమయ్యాయి.

ఇరవై ఆరేళ్ళు నేను తరగతిలోంచి పంపేస్తానన్న వేళ అది. ఆ వేళన నేనెప్పుడూ గోడ వైపు చూడనే లేదు. "నీకెలా తెలిసింది?" అన్నాను.

"మా సందులు ఇయ్యే మేడమ్. మా అమ్మ పొద్దున్నే వలకెళ్ళిపోద్ది. నేను బెల్లు కొట్టాక తడతాను."

నాకు ఏడుపొచ్చింది. దాని ముందే ఏడ్చాను. అది క్యారేజీ మూత తీసి నాకు కూడా ఇంత పెట్టింది.

తర్వాత అబ్బులు తన జేబు ఫోనుతో ఓ ఫోటో తీసి చూపించాడు. ఫోనుకి ఏ నలుసు కనబడినా నునుపు చేసే అలవాటుంది కదా, ముఖానికి పౌడరు రాసినట్టు గోడకీ రాసింది. గుర్తులు లేవు. కాబట్టి ముందు తీసి చూసుకోవడానికి వీల్లేదు. వెలుతురు ఎంత, పలక ఎంతసేపు తెరవాలి అన్నది కంటితో తేల్చుకుని, పదకొండు పలకల్నీ నమ్మకం మీద వాడాలి. ఎనిమిది రోజులున్నాయి. రోజుకి పాతిక నిమిషాలు.

డిసెంబరు 13

అల్పపీడనం. మబ్బు.

డిసెంబరు 15

మబ్బు. అల కట్ట మీద నుంచి తుంపర కొడుతోంది. అందరం రెండు పూటలా సందులు తడుతున్నాం. 77వ సందులో చెమ్మ తేలింది. కొత్తగా గుల్ల కాల్చి, మెత్తు కలిపి దట్టించాం, ఆగింది. మెహర్ ఊరికే కూర్చోకుండా సందుల వరస పటం గీసింది. ఏ పలకలో ఏ సందు నుంచి ఏ సందు దాకా పట్టాలో కొలిచి, స్టాండు కాళ్ళు పెట్టే చోట నేల మీద మేకులు దిగ్గొట్టించింది. ఎండ వచ్చాక కొలతలకి ఒక్క నిమిషం కూడా పోకూడదట. ఆ పటం చూసి నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

బుజ్జియ్య వచ్చి "ఎండేమైనా తెప్పించమంటారాండి" అన్నాడు. అయిదు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు.

డిసెంబరు 17

మబ్బు. పలకలు అలాగే ఉన్నాయి. లోవ అన్నం మాని గోడ ముందే కూర్చుంటోంది. తిట్టాను. తిన్నది, గోడ ముందే.

డిసెంబరు 18

తెల్లవారేసరికి ఆకాశం కడిగినట్టుంది. పదకొండున్నరకే బడి మూసేశాను. పోలమ్మ మామ్మ కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఊరివాళ్ళు దూరంగా వరసగా నిలబడ్డారు. తొట్టి నీళ్ళ మీద ఎండ తళుక్కుమని గోడ మీద పడుతుంటే అబ్బులు నల్ల దుప్పటి పట్టుకుని అడ్డం నిలబడ్డాడు. వాడు ఇరవై నిమిషాలు మాట్లాడకుండా ఉండటం నా సర్వీసులో మొదటిసారి.

నేను సెకన్లు చెప్పాను. ఎప్పుడు తెరవాలో లోవ నిర్ణయించింది. ఒకసారి నేను "ఇప్పుడు" అన్నాను, అది తల అడ్డంగా ఊపి ఆగింది. రెండు నిమిషాలకి ఇంకో గుర్తు తేలింది. నేను మళ్ళీ "ఇప్పుడు" అనలేదు.

ఆరు పలకలు.

డిసెంబరు 19

నాలుగు పలకలయ్యాక తూర్పు నుంచి మబ్బు పట్టింది. పన్నెండు ఇరవైకి ఎండ పోయింది. ఒక్క పలక మిగిలింది. కింద వరస సందులు రాలేదు. అవి డెబ్బై ఏళ్ళుగా కట్ట అడుగునున్న కందకం నీళ్ళలో మునిగే ఉన్నాయి, అటు వైపు ఆశ మొదటే లేదు.

డిసెంబరు 20

పడవలో మ్యూజియానికి వెళ్ళాం. నేను, ముగ్గురు పిల్లలు, బుజ్జియ్య, పోలమ్మ మామ్మ. ఆమె పడవెక్కుతూ "సముద్రం మీదికెళ్ళి పదేళ్ళయ్యింది, ఆగండ్రా సూడనీండి" అని కాసేపు అటే చూసింది.

భార్గవి గారు సన్నగా, నిలువుగా ఉంటారు. ముందు సీళ్ళు చూశారు, తర్వాత ఈ పుస్తకం మొత్తం చదివారు. మేం ఎదురుగా బల్ల మీద కూర్చున్నాం. ఒకచోట ఆగి నా వైపు చూశారు. ఏ పేజీయో నాకు తెలుసు.

పలకల్ని ఎర్ర దీపం గదిలో ముగ్గురు సాక్షుల ముందు కడిగారు. ముందు మనుషులవి వచ్చాయి. అప్పారావు పట్టుపంచెతో తొట్టి పక్కన రాజులాగా ఉన్నాడు. ఎస్తేరు గంట తాడు పట్టుకుని ఉంది, చేతి నరాలు కూడా కనిపిస్తున్నాయి. తర్వాత గోడ పలకలు. మొదటిది నీళ్ళలో తెల్లగానే ఉంది. లోవ నా పక్క నుంచి ముందుకి వంగింది. గీత ఒకటి తేలింది, దువ్వెన. ఇంకోటి, గరిటె. చేపతోక, మూడు చుక్కలు, ఒంటి చెప్పు, నెలవంక. పది పలకలూ అలాగే వచ్చాయి. మెహర్ లెక్కపెట్టింది. నలభై మూడు గుర్తులు.

సాక్షుల్లో ఒకాయన "ఇవి యంత్రం వేసినవి కావు" అన్నాడు, ఎవరూ అడగకుండానే.

"ఎవరివో చెప్పగలరా అమ్మా?" అని భార్గవి గారు పోలమ్మ మామ్మని అడిగారు.

ఆమె చెప్పింది. వేలు పెట్టి చూపిస్తూ చెప్పింది. గరిటె కొమ్మరి నూకరత్నం. దువ్వెన మైలపల్లి సీతయ్యమ్మ, జుట్టు మోకాళ్ళ దాకా ఉండేది. నెలవంక మస్తానమ్మ, నమాజు మానేది కాదు, పని మానేది కాదు. ఒంటి చెప్పు చొక్కావారి దానయ్యమ్మ, మొదటి తుపానులో రెండో చెప్పు సముద్రంలో పోయింది. చేపతోక ఓలేటి కాసులమ్మ. అది మా నాన్నమ్మ. ఆ సందుని నేను చిన్నప్పటి నుంచీ తోక సందు అనే పిలిచాను. అబ్బులు నా భుజం మీద చెయ్యి వేశాడు, పెద్దవాడిలాగా.

రాస్తూ రాస్తూ భార్గవి గారు ఆగి, "గాలం గుర్తు, పేర్ల రాములమ్మ. ఈ పుస్తకంలో ఉంది, కాబట్టి ఆమె పేరు కూడా ఉంటుంది" అన్నారు. నా తప్పుని కూడా సాక్ష్యంగా తీసుకున్నారు. నలభై నాలుగు పేర్లయ్యాయి.

"మరి మీ గుర్తు?"

"కింద వరసలోదమ్మా. నీళ్ళలో ఉంది."

"చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"అందరూ పోయేరు."

భార్గవి గారు పెన్ను మూత పెట్టి తీసి, మళ్ళీ పెట్టారు. ఆధారం లేని పేరు రాయడానికి నియమం ఒప్పుకోదని, ఆ మాట చెప్పడం తనకు కష్టంగా ఉందని ఉన్నదున్నట్టు చెప్పారు. బుజ్జియ్య లేచి ఏదో అనబోయాడు. పోలమ్మ మామ్మే కర్రతో అతన్ని కూర్చోబెట్టింది.

"ఆవిడ సెప్పింది నాయం. రుజువు లేకండా పేరెట్టేసుకుంటే ఆ అల్లిక బొమ్మలకీ నాకూ తేడా ఏటి? ఆళ్ళయ్యి వొచ్చినియ్యి. నాకది సాలు."

తిరుగు పడవ ఎక్కాం. గెలిచి వస్తున్నాం, అయినా పిల్లలు ముగ్గురి ముఖాలూ వేలాడుతున్నాయి. పోలమ్మ మామ్మ మాత్రం హాయిగా నిద్రపోయింది.

డిసెంబరు 28

హాలు తెరిచారు. నాలుగు పడవల్లో కట్ట జనం వచ్చారు, సందులు చూడటానికి వంతులవారీగా కొందరు ఉండిపోయారు. పదమూడు ముఖాలు ఒక వరసలో, వాటి కింద పది గోడ ఫోటోలు. అప్పారావు భార్య తన మొగుడి ఫోటో ముందు నుంచి కదలలేదు. ఎవరైనా వస్తే జరిగి చూపించి, మళ్ళీ వచ్చి నిలబడుతోంది. కట్ట ఎరగని ఒక పెద్దమనిషి లోవని పిలిచి, ఈ వెలుతురు ఎక్కడిదమ్మా అని అడిగాడు. "మధ్యాహ్నందండి" అంది. నేను పక్కనే నిలబడి ఆ మాట విన్నాను. గర్వంగా ఉంది, నిజంగా.

గుమ్మం పక్కన బోర్డు ఇంకా బిగించలేదు. అక్కడి గోడకి నిన్ననే పూత వేశారట, తడి పూర్తిగా ఆరలేదు. వడ్రంగి మేకులు కొట్టే చోట పెన్సిలుతో నాలుగు గీతలు పెట్టుకుని, బోర్డు ఆనించి పెట్టి మంచినీళ్ళకి వెళ్ళాడు. మెహర్ పోలమ్మ మామ్మకి బోర్డు చదివి వినిపించింది.

'పన్నెండో మైలు సముద్రపు కట్ట. బండలు దింపినవి యంత్రాలు. కట్టను నిలబెట్టినది నూట ఇరవై మంది స్త్రీలు. వారిలో గుర్తు దొరికినవారు:' ఆ తర్వాత నలభై నాలుగు పేర్లు. నిదానంగా చదివింది. ఒక్కో పేరుకీ మామ్మ తల ఊపుతూ వచ్చింది, అవతల మనిషి వచ్చి కూర్చుంటున్నట్టు.

అంతా విని, తడి గోడని అరచేత్తో తాకి చూసింది. వేలితో నొక్కింది.

"మెత్తటానికి సేతకాదు ఈళ్ళకి" అంది. "ఇసకెక్కువేసేరు."

కొప్పులోంచి పిన్ను తీసింది. మేం చూస్తుండగానే, వడ్రంగి పెన్సిలు గీతల నడుమ, చెయ్యి వణక్కుండా గీసింది. రెండు నిలువు గీతలు, వాటి మధ్య ఒక చిన్న చుక్క. తడి పూత పిన్ను ముందు దారి ఇచ్చింది. గీయడం అయ్యాక అంచుల్ని బొటనవేలితో ఒత్తి సరిచేసింది, రోజూ చేసే పనిలాగా.

మ్యూజియం మనిషి పరుగెత్తుకొచ్చాడు. వెనకే భార్గవి గారు వచ్చారు.

"పేరు రాయమన్లేదమ్మా నేను" అంది పోలమ్మ మామ్మ, పిన్ను కొప్పులో పెట్టుకుంటూ. "ఈళ్ళందరి పక్కనా ఓ సందులో ఉంటానంతే."

లోవ అప్పటికే స్టాండు వేసేసింది. కెమెరాలో ఆ ఒక్క పలక ఉంది. ఎవర్నీ అడగలేదు, నన్ను కూడా. గుమ్మంలోంచి వస్తున్న ఎండ ఏ పక్క నుంచి గీత మీద పడుతుందో చూసుకుంది, రెండడుగులు జరిగింది, వంగింది. భార్గవి గారు లోవ పక్కన నిలబడి పలక తెరిచి మూసేదాకా కదల్లేదు. తర్వాత సాక్షుల్లో ఒకాయన్ని పిలిచి సీలు మీద సంతకం పెట్టించి, తనూ పెట్టారు.

వడ్రంగి సుత్తితో తిరిగి వచ్చాడు. గోడ చూశాడు, పోలమ్మ మామ్మ ముఖం చూశాడు. పూత ముద్ద తెచ్చి సరిచేయనా అని అడిగాడు.

"వద్దు" అన్నారు భార్గవి గారు. "బోర్డు కాస్త పక్కకి జరపండి."

అతను కొత్తగా నాలుగు గీతలు పెట్టుకుని, జానెడు పక్కకి జరిపి బోర్డు బిగించాడు.